సావిడి తలుపులు

మా జేజినాయన తండ్రి ఎర్రమల కొండల కింద ఉన్న మా ఊరికీ, చుట్టుపక్కల పల్లెలకూ పెద్దరెడ్డి. తహసీల్దారు శిస్తు లెక్కల జమాబందికి వస్తే గుర్రం దిగేది మా ఇంటి ముందే. ఆయన తండ్రి పెద్ద కరువులో మా జొన్నపాతరలు తీయించి, ఊళ్లో ఏ ఇంటి పొయ్యీ ఆరకుండా చూశాడు. మా జేజినాయన, అంటే మా నాయన తండ్రి, మునసబు. ఆయన పంచాయితీ చెప్పి లేచాడంటే, ఓడినవాడు కూడా జమ్మలమడుగు కోర్టు మెట్లు ఎక్కేవాడు కాదు. ఇదంతా గొప్పకు రాయడం లేదు. ఉన్నది రాస్తున్నాను. ఈ మాటలు చెప్పడానికి మా ఇంట్లో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

మా ఇంటి ముందు సావిడి ఉండేది. నున్నగా అరిగిన నల్లబండల నేల, రాతి స్తంభాలు, చౌడుమట్టి మిద్దె. వానాకాలం మొదట్లో ఆ మిద్దె మీద ఏటా కొత్త చౌడు పరిచేవాళ్లు కాబట్టి ఊరంతా కురిసినా సావిట్లో చుక్క పడేది కాదు. టేకు తలుపులకు ఇత్తడి పువ్వులుండేవి. ఒక్కో రెక్కను నెట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి. లోపల బండల మీద ఎవరు కూర్చోవాలి, మెట్ల మీద ఎవరు, వీధిలో నిలబడవలసింది ఎవరు అన్నది ఎవరూ చెప్పనక్కర్లేదు. వచ్చేవాళ్లకే తెలుసు.

ఈ వారం ప్రొద్దుటూరులో ముసురు పట్టింది. బంగాళాఖాతంలో వాయుగుండమని ఫోన్లలో చెబుతున్నారు. బడులకు సెలవులిచ్చారు. నిన్న ఆటోలో వస్తుంటే ముందు గొర్రెల లారీ ఒకటి ఆగింది. పైన నీలం పట్ట కప్పారు కానీ పక్కల నుంచి జల్లు కొడుతూనే ఉంది. తడిసిన బొచ్చు వాసన ఆటోలోకి వచ్చింది.

"శానా గబ్బు కదా మేడం," అన్నాడు ఆటో అతను, ముక్కుకు రుమాలు కట్టుకుంటూ.

 ఆ వాసన నేను మరిచిపోయాననుకున్నాను.

*

మా నాయన నేను పుట్టిన ఏడే పోయాడు. అమ్మ వంటింట్లోనే ఉండేది, ఎక్కువ మాట్లాడేది కాదు. ఇంట్లో మాట్లాడేది మా జేజి, మా నాయన తల్లి. మాట్లాడకుండా పనులు జరిపించేది జేజినాయన. నేను అప్పటికి లంగా వేసుకొని ఊరంతా తిరిగే పిల్లను.

ఏటా శెనక్కాయ పీకిన తర్వాత పులివెందుల వైపు నుంచి ఒక కాపరి మందను తోలుకొని వచ్చేవాడు. గొర్రెలు కొన్నాళ్లు పడుకున్న చేను మరుసటి ఏడు వేరే ఎరువు అడగదు. అందుకని ఊళ్లో ప్రతి రైతూ తన చేలో మంద కట్టించుకోవాలని చూసేవాడు. కానీ మొదట కట్టేది కొండ కింద ఉన్న మా చేలోనే. మా చేలో కట్టిన తర్వాతే తక్కినవాళ్ల చేలకు. మేము అతనికి గింజలిచ్చేవాళ్లం. అతను ఏటా మాకు ఒక నల్ల కంబళి ఇచ్చేవాడు. గొర్రెలకు బొచ్చు తీసేది చలి వెళ్లాకే గనక కంబళి వచ్చేది శివరాత్రి దాటాకే.

ఆ ఏడు జేజినాయన శివరాత్రి దాకా ఆగలేదు. పంచాయితీ సమితి ప్రెసిడెంటు పదవికి ఆయన్ను నిలబెట్టే మాట ఒకటి నడుస్తోంది. ఆ సంగతి మాట్లాడడానికి జమ్మలమడుగు పెద్దలు మా సావిడికే వస్తామని కబురు చేశారు. జేజినాయన సావిడికి సున్నం కొట్టించాడు. జంపఖానాలు పరిపించాడు. బూరుగుదూదితో కొత్త దిండ్లు కుట్టించాడు. తర్వాత కాపరిని పిలిపించాడు.

"కంబళి ఇప్పుడే కావల్ల."

కాపరి తలపాగా తీసి చంకలో పెట్టుకొని వీధిలో నిలబడ్డాడు. "ఇప్పుడా రెడ్డీ? మార్గశిరంలో బొచ్చు తీస్తే గొర్లు ఎట్ల తట్టుకుంటాయి? శివరాత్రి కానీ."

"పెద్దమనుషులొస్తాండారు. పాత కంబళి మీద కూసోబెట్టమంటావా?"

"ఒక కంబళికయితే నాలుగు నల్ల గొర్రెపిల్లల్ని చూసి కత్తిరిస్తే అయిపోతాది. కానీ కత్తెరోళ్లు నాలుగింటికని రారు రెడ్డీ. వస్తే మందంతా కత్తిరించే పోతారు."

"కత్తిరించనీ. ఎండ బాగానే కాస్తాంది గదా."

ఎండ నిజంగానే బాగా కాస్తుండేది.

కత్తెరవాళ్లు వచ్చారు. నేను చేని గట్టు మీద కూర్చొని చూశాను. గొర్రె కాళ్లు కట్టి పడుకోబెట్టి, మెడ నుంచి తోక దాకా బొచ్చును ఒకే చాపలాగా తీసేవాళ్లు. బొచ్చు పోయిన గొర్రె లేచి, తనెవరో తెలియనట్టు అటూ ఇటూ చూసేది. తల్లులను పిల్లలు గుర్తుపట్టలేక మందంతా అరుపులే. నేను పొట్ట పట్టుకొని నవ్వాను.

"నవ్వు పాపా, నవ్వు," అన్నాడు కాపరి. "వాటికేం సిగ్గు ల్యా. నాకే వాటిని చూస్తే ఎట్లనో ఉంది."

నల్లపిల్లల మొదటి బొచ్చు విడిగా మూటగట్టి పక్క ఊరి నేతాయనకు పంపాడు.

*

పెద్దలు వస్తామన్న రోజు తెల్లవారేసరికి కొండ కనిపించలేదు. మబ్బు దాని మీద కూర్చుంది. కొండ మీది నుంచి గాలి దిగింది. అది మామూలు గాలి కాదు. తలుపు సందుల్లోంచి దూరి, దుప్పటి కింద కాళ్లను వెతుక్కునే గాలి. దాని వెంట సన్నటి జల్లు. మధ్యాహ్నం కాసేపు తెరిపి ఇస్తే ఆడవాళ్లు బట్టలు ఆరేశారు. అవి చెమ్మ వదిలేలోగా మళ్లీ పట్టుకుంది.

"దీని మొగం మండ," అంది జేజి. "పాలు తాగి ఊరుకున్న పిల్లోని మాదిరి ఉండి ఉండి మల్లా అందుకుంటాంది."

పెద్దలు రాలేదు. "రేపొస్తారు," అన్నాడు జేజినాయన.

ఇల్లంతా పిడకల పొగ, తడి గోనెల వాసన, కొత్త సున్నం వాసన. మాకు పండగే. జేజి పొయ్యి ముందు నుంచి లేచేది కాదు. వేడి జొన్నరొట్టె మీద శెనక్కాయల ఊరిబిండి వేసి, దాని మీద నెయ్యి పోసి చేతికిచ్చేది. సాయంత్రాలు ఉలవ గుగ్గిళ్లు. పెద్దల కోసం చేసిన కజ్జికాయలు, బొరుగుల ఉండలు ఇత్తడి తాంబాళాల్లో పెట్టి సావిట్లో గూట్లో దాచారు. సావిడి తాళంచెవి జేజినాయన మొలతాడుకు ఉండేది కానీ, వెనక వైపు కిటికీకి ఒక కమ్మీ వదులు. అది నాకొక్కదానికే తెలుసు. రోజూ దూరేదాన్ని. కజ్జికాయ ఒకటి తీసి, తక్కినవి కుప్ప తగ్గినట్టు కనిపించకుండా సర్దేదాన్ని. జంపఖానా మీద పడుకొని తినేదాన్ని. లోపల పొడిగా, వెచ్చగా, మనుషులెవరూ లేకుండా ఉండేది. మందంతా పట్టేంత చోటు. వాన చప్పుడు కూడా దూరంగా వినిపించేది.

రెండో రోజు కొండ వంక పొంగింది. పులివెందుల వైపు దారి మూసుకుపోయింది. కాపరి మందను ఎక్కడికీ తోలలేడు. మా చేలో చెట్టు లేదు. గొర్రెలన్నీ ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి ముద్దగా నిలబడ్డాయి. బయటి వరసలో ఉన్నవి ముందు పడ్డాయి.

*

మూడో రోజు పొద్దున కాపరి వచ్చాడు. జేజినాయన అరుగు మీద పాత కంబళి కప్పుకొని కూర్చున్నాడు. ముందు నిప్పుల కుంపటి ఉంది. నేను కాఫీ లోటా తెచ్చి పక్కనే నిలబడ్డాను. కాపరి ఒంటి మీద గోనె తప్ప ఏమీ లేదు. అతని కంబళి గొర్రెపిల్లల మీద కప్పి వచ్చాడని తర్వాత తెలిసింది. చంకలో ఒక పిల్ల ఉంది. దాని తల వేలాడుతోంది.

"రెడ్డీ, సావిడి తియ్యండి."

జేజినాయన కాఫీ తాగాడు.

"ఎద్దుల కొట్టం అడగను. అది నిండింది, చూసినా. సావిడి ఖాళీగా ఉంది. ముసురు ఇడిసేదాకా. బండలు నేనే కడుగుతా. సున్నం నేనే కొట్టిస్తా."

"సావిట్లోకి గొర్లా?"

"గొర్లే రెడ్డీ. బొచ్చుంటే అడిగేవాణ్ణి కాదు."

ఆ మాట జేజినాయనకు తగిలింది. ఆయన మెడ నిటారుగా అయింది. ఆ మెడ నాకూ వచ్చిందని అందరూ అంటారు.

"ఇయ్యాలొస్తారు వాళ్లు," అన్నాడు. "మా నాయన కూసున్న చోటు అది. వాళ్లొచ్చి తలుపు తీస్తే పెంట కంపు కొట్టల్లనా? గోనెసంచులిస్తా. తీసుకొనిపోయి కప్పుకో."

"ఎన్నిటికని కప్పుదు?"

"ఎన్నిటికయితే అన్నిటికి."

లోపలి నుంచి జేజి గొంతు వినిపించింది. "ఆ జంపఖానాలు చుట్టి పక్కన పెట్టి తియ్యకూడదా? వానలో ఎవురొస్తారు ఇప్పుడు?"

"నువ్వు లోపలుండు," అన్నాడు జేజినాయన, వెనక్కి తిరగకుండా.

 కాపరి చంకలోని పిల్ల తలను చేత్తో ఎత్తి చూశాడు. దాన్ని అరుగు చివర పెట్టాడు. మా వైపు నెట్టలేదు, కింద పడేయలేదు. ఊరికే పెట్టి వెళ్లిపోయాడు. అది అప్పటికే చచ్చిపోయింది.

ఊళ్లో అతను ఇంకే గడప దగ్గరా ఆగలేదనుకుంటారేమో. ప్రతి గడప దగ్గరా ఆగాడు. పెద్దింటి సావిడి తియ్యని రోజున ఇంకొకరు తలుపు తీస్తే, అది పెద్దింటికి ఎదురు నిలబడినట్టు. అందరి మిద్దెలూ కురుస్తున్నాయని అందరూ చెప్పారు. కొన్ని నిజంగా కురుస్తున్నాయి కూడా.

*

ఆ సాయంత్రం నుంచి మా ఊళ్లో ప్రతి ఇంట్లో మాంసం ఉడికింది.

చచ్చిన గొర్రెను ఎవరూ తినరు. చావబోయేదాన్ని కోస్తే తింటారు. అందుకని కాపరి గొర్రెల మధ్య తిరుగుతూ, కళ్లు తేలేసినదాన్ని, కాళ్లు చల్లబడినదాన్ని గుర్తుపట్టి చెయ్యెత్తేవాడు. ఊళ్లో కటికి పని చేసే సాయిబు కత్తి పట్టుకొని వానలో పరుగెత్తేవాడు. జనం గిన్నెలు, తట్టలు నెత్తి మీద బోర్లించుకొని గట్టు మీద నిలబడేవాళ్లు. నేనూ వెళ్లాను. చూడకూడదని ఎవరూ చెప్పలేదు.

"ఓ సాయిబన్నా, ఆ మూలది మూతి తిప్పుతాంది, బిరీన రా!"

"నాకు రెండే చేతులుండాయి అమ్మా. నీ మొగుణ్ణి పట్టుకోను పంపు, అంత ఆకలయితే."

"మా మొగుడొస్తే గొర్రె ఇడిసి నిన్నే పట్టుకుంటాడు."

జనం నవ్వారు. సాయిబు నవ్వలేదు. అతను మోకాళ్ల మీద కూర్చొని నోట్లో దేవుని మాట చెప్పుకొని కత్తి పెట్టేవాడు. ఒక్కోసారి మాట పూర్తయ్యేలోగా గొర్రె పోయేది. అప్పుడు కత్తి తీసి పక్కకు జరిగేవాడు. గట్టు మీద నుంచి "అయ్యో" అనేవాళ్లు. ఆ అయ్యో గొర్రె కోసం కాదు.

"ఎంతకిస్తావు అప్పా?" అని ఒక ముసలామె కాపరిని అడిగింది.

"తీసుకపో అవ్వా. ఊరికే తీసుకపో," అన్నాడు. "తిని బాగుండండి."

ఆమె కాసేపు తట్ట పట్టుకొని నిలబడింది. తర్వాత తీసుకుంది.

మా ఇంటికి వచ్చిన మాంసాన్ని అమ్మ ధనియాలు, ఎండుకొబ్బరి వేసి వండింది. వేడి రాగిసంగటి ముద్దలో గుంట చేసి ఆ పులుసు పోసుకొని తిన్నాను. అంత రుచిగల కూర నేను మళ్లీ తినలేదు. ఆ వారం మా ఊరి పిల్లలెవరూ ఏడవలేదు. చలికి వీధుల్లో మంటలు వేసుకొని, ఎముకలు కాల్చుకొని, మూలగ పీల్చుకొని, పాటలు పాడుకున్నారు. తర్వాత ఎప్పుడు కలిసినా వాళ్లు ఆ వారాన్ని పండగ లాగే తలుచుకునేవాళ్లు.

*

జేజి రెండు గొర్రెపిల్లలను వంటింట్లోకి తెప్పించింది. ఎట్లా తెప్పించిందో నాకు తెలియదు. పొయ్యి పక్కన వాటి మీద గంప బోర్లించి, దాని మీద గోనె కప్పింది. నేను గుడ్డ వత్తిని ఆవుపాలలో ముంచి నోట్లో పెడితే అవి నా వేలితో సహా చప్పరించేవి. వాటికి బొచ్చు లేదు. పొట్ట మీద చెయ్యి పెడితే లోపల గుండె కొట్టుకోవడం తెలిసేది.

"అరవనియ్యొద్దు మే," అంది జేజి. "మీ జేజినాయన చెవులు కుక్క చెవులు."

రెండు రోజులు దాచాం. ఆ తర్వాత ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు గంప కదిలింది. జేజినాయన ముద్ద నోట్లో పెట్టుకొని నమిలి మింగాడు. చెయ్యి కడుక్కొని లేచి వెళ్లి గంప ఎత్తాడు. నేను గోడకు అంటుకొని నిలబడ్డాను. జేజి ఆయన వైపే చూస్తోంది. ఆమె అంత భయం లేకుండా ఆయన్ను చూడడం నేను ఆ ఒక్కసారే చూశాను.

ఆయన పిల్లల వీపు నిమిరాడు. ఎంత మెత్తగా నిమిరాడంటే నాకు ధైర్యం వచ్చింది.

"బాగుండాయి," అన్నాడు. "మేపండి. వాళ్లొచ్చిన్నాడు కోయిస్తాం. లేతమాంసం."

*

ముసురు ఇంకా వదలని ఒక మధ్యాహ్నం జమ్మలమడుగు నుంచి మనిషి వచ్చాడు. ఒక్కడే. సైకిలు చక్రాలకు బురద పట్టుకొని తిరగకపోతే దాన్ని భుజం మీద మోసుకొచ్చాడు. పెద్దల దగ్గర కబుర్లు మోసే పనివాడు. వీధిలోనే నిలబడి చెప్పబోయాడు.

"ముందు లోపలికి రా," అన్నాడు జేజినాయన.

మొలతాడు నుంచి తాళంచెవి తీశాడు. ఇద్దరు జీతగాళ్లు తలుపులు నెట్టారు. ఇన్ని రోజుల తర్వాత ఆ తలుపులు తెరుచుకున్నాయి. లోపలి నుంచి ఊదుబత్తి వాసన, సున్నం వాసన వచ్చాయి. ఆ మనిషి తన కాళ్ల బురద చూసుకొని గడప దగ్గర ఆగిపోయాడు.

"నేను ఈడ మెట్టు మీద కూసుంటా రెడ్డీ."

"కూసో జంపఖానా మీద."

అతను అంచున కూర్చున్నాడు. జేజినాయన వంటింటి వైపు తిరిగి, "రెండూ కోయించండి," అన్నాడు. కూర అయ్యేదాకా అతన్ని వాన గురించి, పంటల గురించి, జమ్మలమడుగు దారి గురించి అడిగాడు. కబురు మాత్రం అడగలేదు. అరిటాకు వేయించాడు. కజ్జికాయలు పెట్టించాడు. వాటి కుప్ప బాగా తగ్గి ఉంది. ఎవరూ గమనించలేదు. అమ్మ కూర వడ్డించింది.  అతను తల వంచుకొని తిన్నాడు.

"ఇప్పుడు చెప్పు."

"వాన మొదులైన్నాడే వాళ్లు దారిలో వేరే ఊళ్లో ఆగినారు రెడ్డీ. ఆ ఊరి పెద్దాయన ఇంట్లోనే మాట్లాడుకున్నారు. ఆయన్నే నిలబెడ్తాండారు. మీకు చెప్పమని నన్ను ఆ పొద్దే పంపినారు. వంక దాటలేక నేను ఈ పొద్దుకొచ్చినా."

కాపరి సావిడి అడగక ముందే ఆ పని అయిపోయింది. ఆ మాట సావిట్లో ఉన్న అందరికీ అర్థమైంది. గడపలో నిలబడిన జేజికి కూడా.

"కూర ఎట్ల ఉంది?" అన్నాడు జేజినాయన.

"శానా బాగుంది రెడ్డీ."

"ఇంకో ముక్క ఎయ్యండి అతనికి."

*

ముసురు ఎట్లా వచ్చిందో అట్లాగే వెళ్లిపోయింది. ఒక పొద్దున లేచేసరికి కొండ మొత్తం కనబడింది, కడిగిన ఇత్తడి బిందెలాగా. మా చేలో నుంచి ఆవిరి లేస్తోంది. ఊళ్లో కుక్కలు చేని చుట్టూ తిరుగుతున్నాయి.

కాపరి మధ్యాహ్నం వచ్చాడు. అతని వెనక మంద అని చెప్పదగ్గది ఏమీ లేదు. ఆటోలో పట్టేటన్ని గొర్రెలు. చేతిలో కొత్త కంబళి ఉంది. నేతాయన ఆ ఉదయమే తెచ్చిచ్చాడట. అంత నల్లటి కంబళి మా ఇంటికి అంతకు ముందు రాలేదు. దాన్ని సావిడి మెట్టు మీద మడత పెట్టి ఉంచాడు.

"ఇదో మీ మామూలు రెడ్డీ."

జేజినాయన తల ఊపాడు.

కాపరి తెరిచి ఉన్న సావిడి లోపలికి చూశాడు. తెల్లటి గోడలు, జంపఖానాలు, వరసగా దిండ్లు, ఆ మనిషి కూర్చున్న చోట అంచున ఎండిన బురద.

"వచ్చినారా రెడ్డీ వాళ్లు?"

అతనికి తెలుసు. ఊరందరికీ తెలుసు. అయినా నిజంగా తెలియనివాడు అడిగినట్టే అడిగాడు.  జేజినాయన మెట్టు దిగి కంబళి తీసి, దులిపి, భుజాల మీద కప్పుకున్నాడు. పాత కంబళిని కాపరికి చాచాడు. అతని ఒంటి మీద ఇంకా గోనే ఉంది.

కాపరి దాన్ని తీసుకోలేదు. గొర్రెలను అదిలించుకొని వంక వైపు నడిచాడు. జేజినాయన చెయ్యి కొంతసేపు అట్లాగే చాచి ఉంది. తర్వాత నన్ను చూసి, "దీన్ని లోపల పెట్టు పాపా," అన్నాడు.

*

మా జేజినాయన చేసింది తప్పో ఒప్పో తేల్చడానికి నేను ఇది రాయలేదు. ఆయన మాటకు ఒక పద్ధతి ఉండేది. ఇప్పుడున్నవాళ్లకు పద్ధతీ లేదు, సావిడీ లేదు. ఆయన పోయేదాకా ఎండాకాలంలో కూడా ఆ నల్లకంబళి వదల్లేదు. మా జేజి ఆ తర్వాత ఎన్నో ఏళ్లు బతికింది కానీ మాంసం ముట్టుకోలేదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. 

మా చేలో మళ్లీ ఏ కాపరీ మంద కట్టలేదు. పులివెందుల నుంచి, కమలాపురం నుంచి, ఎక్కడి నుంచి వచ్చినా మా చేని గట్టు పక్క నుంచి తోలుకొని పోయి అవతలి చేలో కట్టేవాళ్లు. పిలిస్తే వినబడనట్టు పోయేవాళ్లు. ఎరువు బస్తాలు కొని పోశాం. చేను పండడం తగ్గింది. ఒక్కొక్కటే పోయింది. కొండ కింది చేను, వంక పక్క చేను, ఎద్దుల కొట్టం, చివరికి ఇల్లు. నేను ప్రొద్దుటూరులో ఈ రెండు గదుల్లోకి వచ్చాను. వంగి నడిచే అలవాటు నాకు లేదు కాబట్టి ఈ మెట్లు ఎక్కడం కొంచెం కష్టంగా ఉంటుంది.

అన్నిటికన్నా ముందు అమ్మింది సావిడి తలుపులు. బెంగుళూరు నుంచి ఎవరో హోటలు వాళ్లు వచ్చి, ఇత్తడి పువ్వులతో సహా, లారీలో వేసుకొని పోయారు.